చప్పుడు వచ్చిన వైపు

మా పెద్దమ్మ ఇరవయ్యారేళ్ళు కోర్టులో టైపిస్టుగా పనిచేసింది. హాల్లో జడ్జిగారి బల్లకు కింద, కాస్త ఎడమ పక్కగా, బోనుకు మూడడుగుల దూరంలో ఆమె కుర్చీ. సాక్షి వచ్చి ఏదో చెబుతాడు. ఏడుస్తూ చెబుతాడు, తడబడుతూ చెబుతాడు, మొదట చెప్పాల్సింది చివర చెబుతాడు. జడ్జిగారు అదంతా విని, వాక్యాలుగా కూర్చి, "రాసుకోండమ్మా" అంటారు. పెద్దమ్మ టైపు చేస్తుంది. సాయంత్రానికి కాగితాలు ప్రింటు తీసి, సాక్షికి గబగబా చదివి వినిపించి, ప్రతి పేజీ అడుగునా సంతకం పెట్టిస్తారు. ఇక ఆ తర్వాత ఆ మనిషి నోటితో ఏమన్నాడన్నది ఎవరికీ అక్కర్లేదు. కాగితం మీద ఏముందన్నదే లెక్క.

నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన మూడేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పెదనాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మేమున్న భవనానికి లిఫ్టు లేదు. ఎవరైనా మెట్లెక్కి ఆయాసపడుతూ ఆ మాట ఎత్తితే, "అందుకే ఇక్కడ అద్దెకు దిగాను, ఇంటికొచ్చాక కూడా పని చెయ్యమంటారా?" అనేవాడు.

పెద్దమ్మకు కుదురు తక్కువ. కూర తరుగుతూ మధ్యలో లేచి బీరువా సర్దేది. బీరువా సర్దుతూ మధ్యలో వచ్చి నా జడ విప్పి మళ్ళీ వేసేది. వేళ్ళయితే అసలు ఊరుకునేవి కావు. ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతున్నప్పుడు కూడా రెండో చెయ్యి బల్ల మీద టకటకా ఆడుతూనే ఉండేది. ఓసారి పెదనాన్న ఆ చేతి వంక చూసి, "ఏం టైపు చేస్తున్నావు?" అనడిగాడు.

"మా చెల్లెలు చెబుతున్నదే," అంది.

అంతటి మనిషినీ ఒకచోట కట్టిపడేసేవి కోర్టు నవలలు మాత్రమే. హత్య జరుగుతుంది, అమాయకుడో కాదో తెలియని ఒకణ్ణి పట్టుకుంటారు, ఇద్దరు లాయర్లు మాటలతో కొట్టుకుంటారు. అలాంటివి. బస్టాండు పక్కన పాత పుస్తకాల కొట్టువాడు అటువంటిది ఏదొచ్చినా ఆమె కోసం పక్కన పెట్టేవాడు. ఇంట్లో బీరువా కింది రెండు అరలూ అవే. చీరలు పై అరకు పోయి ఒకదాని మీద ఒకటి నలిగి చచ్చేవి.

ఆ అలవాటు అంటించినవాడు ఆ కోర్టు బెంచి గుమాస్తా. కేసులు పిలవడం, వాయిదాల తేదీలు వెయ్యడం ఆయన పని. నవల చేతికి రాగానే ఆఖరి పేజీ చదివి, ఆ తర్వాతే మొదటి పేజీకి వచ్చేవాడు. "చంపిందెవరో తెలిసిపోతే హాయిగా చదువుకోవచ్చు, బీపీ పెరగదు" అనేవాడు. పెద్దమ్మ ఆయనకు ఆఖరిపేజీ అని పేరు పెట్టింది. మొహం మీదే అలా పిలిచేది. ఆయన పలికేవాడు.

మొదట్లో ఆమె ఆ నవలలను పెన్సిలు పట్టుకుని చదివేదట, తప్పులు పట్టడానికి. "ఈయన జన్మలో కోర్టు గుమ్మం తొక్కలేదు. హంతకుడు బోనులో నిలబడి భోరున ఏడుస్తూ ఒప్పేసుకుంటాడట. ఇన్నేళ్ళలో ఒక్కడు ఒప్పుకోగా నేను చూళ్ళేదు. పొద్దున టీ తాగావా అంటే దానికి కూడా ఒప్పుకోరు" అని నవ్వేది. అలాంటివి రెండు రోజుల్లో చదివి పారేసేది.

తర్వాత ఒకటి చేతికొచ్చింది. అట్ట ఊడిపోయి, రాసినదెవరో కూడా తెలియని పుస్తకం. అందులో ఒక లాయరు సాక్షిని ఏడు చప్పటి ప్రశ్నలు అడుగుతుంది. ఏ బస్సెక్కారు, గొడుగు తెచ్చుకున్నారా, బస్సులో సీటు దొరికిందా, ఇలాంటివి. చదివేవాళ్ళకు విసుగొస్తుంది. ఎనిమిదో ప్రశ్న దగ్గర, ఆ గొడుగు తడిసి ఉండటానికి వీల్లేదనీ, సాక్షి ఆ సాయంత్రం ఆ వీధిలో లేనే లేడనీ తేలిపోతుంది. పెద్దమ్మ పుస్తకం మూసి, నలభై పేజీలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిందట. గొడుగు అక్కడే ఉంది. వాన ఎప్పుడు వెలిసిందో కూడా అక్కడే ఉంది.

"అన్నీ నా కళ్ళ ముందే పెట్టాడే. నేనే చూసుకోలేదు," అని నాతో ఎన్నిసార్లు చెప్పిందో.

నాకు అర్థమయ్యేది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోర్టులోనే ఉండి, ఇంటికొచ్చి మళ్ళీ కోర్టేనా అని ఒక ఆదివారం అడిగాను.

"మా దగ్గర ఒక్కో కేసు తొమ్మిదేళ్ళు నడుస్తుంది," అంది. "జడ్జీలు ముగ్గురు మారతారు. మొదలు విన్నవాళ్ళు చివర వినరు. నేను టైపు చేసిన కేసుల్లో సగం ఏమయ్యాయో నాకే తెలియదు. ఇక్కడ నాలుగొందల పేజీల్లో తేలిపోతుంది."

"అంతేనా?"

"మంచివాడు రాస్తే మనల్ని వెర్రివాళ్ళను చెయ్యడు. ఏదీ దాచడు. అన్నీ చెప్పేసి, నువ్వెక్కడ పరధ్యానంగా ఉన్నావో పట్టుకుంటాడు. అది నాకిష్టం." లేచి వెళ్ళి పొయ్యి మీద పాలు చూసి వచ్చింది. "అదే భయం కూడా. నేను రోజుకు ఎన్ని పేజీలు కొడతానో తెలుసా నీకు?"

ఆ మాట అన్న ఏడాదే గిడ్డంగి కేసు వచ్చింది.

ఊరి చివర ఒక సరుకుల గిడ్డంగి. అక్కడి వాచ్‌మన్ ఇనప మెట్ల మీదినుంచి పడి చనిపోయాడు. సరుకు తెచ్చే వ్యాను డ్రైవరు తోసేశాడని కేసు. గేటు తియ్యడం ఆలస్యమైందని ఆ పొద్దుటే ఇద్దరికీ మాటామాటా వచ్చింది. అది అందరూ విన్నదే. డ్రైవరును పట్టుకుని జైల్లో పెట్టారు. విచారణ మొదలయ్యేసరికే పధ్నాలుగు నెలలు గడిచాయి. అతనికి లాయరును పెట్టుకునే తాహతు లేకపోతే, కోర్టే ఒకాయన్ని ఇచ్చింది. ఆయన చేతిలో అలాంటివి అరవై కేసులు. ఒక హాల్లోంచి ఇంకో హాల్లోకి పరుగెత్తుతూ, ఒక్కోసారి ముద్దాయి పేరు కూడా ఫైలు చూసి చెప్పేవాడు.

ముఖ్యమైన సాక్షి గిడ్డంగిలో ఊడ్చే ఆవిడ. ఆమె వచ్చి సాక్ష్యం చెప్పి, సంతకం పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు పెద్దమ్మ ఇంకో నలుగురి సాక్ష్యాలు కూడా టైపు చేసింది. ఆవిడ గొంతు బొంగురుగా ఉండటం తప్ప ఏమీ గుర్తు లేదు.

అయిదు నెలల తర్వాత వాదనలు మొదలయ్యాయి. వాదనలు టైపు చెయ్యక్కర్లేదు కాబట్టి పెద్దమ్మ ఊరికే కూర్చుని వింటోంది. ప్రాసిక్యూటరు లేచి, "మెట్ల మీద ముద్దాయీ మృతుడూ పెనుగులాడటం ఈ సాక్షి కళ్ళారా చూసింది" అన్నాడు. 'కళ్ళారా' అన్న మాట ఆమెకు పంటి కింద రాయిలా తగిలింది. ఎందుకు తగిలిందో తెలియదు. డిఫెన్సు లాయరు మాత్రం ఏమీ అనలేదు. ఆయన వేరే కేసు కాగితాలు వెతుక్కుంటున్నాడు.

భోజనాల వేళకు అందరూ వెళ్ళాక, బెంచి గుమాస్తాను ఆ ఫైలు అడిగింది. తను టైపు చేసిన పేజీలు తీసింది. నాలుగో పేజీలో ఇలా ఉంది:

"మెట్ల మీద వాళ్ళిద్దరూ పెనుగులాడటం నాకు కనిపించింది. నేను చీపురు అక్కడే వదిలేసి చప్పుడు వచ్చిన వైపు వెళ్ళాను. పెట్టెల వరస దాటి వెళ్ళేసరికి వాచ్‌మన్ కింద పడి ఉన్నాడు."

పెద్దమ్మ ఆ మూడు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదివింది. కళ్ళకు కనిపించినదాని వైపు వెళ్ళేవాళ్ళు 'చప్పుడు వచ్చిన వైపు' అని ఎందుకంటారు? మధ్యలో పెట్టెల వరస ఉంటే, అది దాటక ముందే మెట్లు ఎలా కనిపిస్తాయి? ఆ మాట 'వినిపించింది' అయి ఉండాలి. ఒకే ఒక్క అక్షరం. అది మారితే, విన్న మనిషి చూసిన మనిషి అయిపోతుంది.

"ఆఖరిపేజీ గారూ, ఇది చూడండి," అంది.

ఆయన చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "నవలలు చదివి చదివి నీకు ప్రతి కాగితంలోనూ ఏదో గుట్టు కనిపిస్తోంది," అన్నాడు.

"అది గుట్టు కాదండీ. నా చేత్తో నేను కొట్టిన అక్షరం."

"నువ్వు కొట్టావో, జడ్జిగారే అలా చెప్పారో నీకు గుర్తుందా?"

"లేదు."

"ఆవిడ వినిపించిందనే అన్నట్టు గుర్తుందా?"

"అదీ లేదు."

"మరింకేం?" అంటూ ఫైలు కట్టేశాడు. "ఉద్యోగం ఇంకా ఎనిమిదేళ్ళుంది నీకు. జడ్జిగారిని తప్పు పట్టినట్టవుతుంది. లేకపోతే నువ్వే తప్పు చేశావంటారు. రెండిట్లో ఏది బాగుంటుందో నువ్వే చెప్పు."

ఆ వారమంతా ఇంట్లో ఆమెను చూడలేకపోయాం. అన్నం ముందు కూర్చునేది, రెండు ముద్దలు తిని లేచేది. అరలోంచి నవల తీసేది, నాలుగు పేజీలు తిప్పి పెట్టేసేది. ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది. మెట్లు దిగి వీధి చివరి దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళిందో మరిచిపోయి తిరిగొచ్చింది. ఏమైంది పెద్దమ్మా అంటే, ఏం లేదు, చదువుకో అనేది.

శనివారం సాయంత్రం మా ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టి, చెరో కాగితం ఇచ్చింది. చేత్తో రాసిన మూడు వాక్యాలు. మొదటి వాక్యం చివర ఖాళీ వదిలింది. 'మెట్ల మీద వాళ్ళిద్దరూ పెనుగులాడటం నాకు' అని ఉండి, ఆ తర్వాత గీత.

"ఒకరిది ఒకరు చూడకుండా రాయండి," అంది.

"ఈ వయసులో నాకు పరీక్షా?" అన్నాడు పెదనాన్న. కానీ ఆమె మొహం చూసి పెన్ను తీసుకున్నాడు.

నేను 'వినిపించింది' అని రాశాను. ఆలోచించలేదు, చెయ్యే రాసింది. పెదనాన్నా అదే రాశాడు. పెద్దమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పింది, ఎవరి పేరూ ఎత్తకుండా. ఎవరో ఒకడు పందొమ్మిది నెలలుగా జైల్లో ఉన్నాడనీ, ఈ ఒక్క మాట మీద ఎన్నేళ్ళు పడతాయో తెలియదనీ.

"తప్పు నీదేనా?" అన్నాడు పెదనాన్న.

"తెలియదు. తెలిస్తే ఇంత బాధ ఉండేది కాదు. నా బాధేమిటంటే, ఇలాంటిది ఒకటి నాకు దొరకాలని నేనే కోరుకున్నానేమో అని. ఇన్నేళ్ళు చదివిందంతా బుర్రలో దూరి నాతో ఆడుకుంటోందేమో అని."

పెదనాన్న తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోయిందని ఫోనొస్తే, నేను కిందటిసారి బిగించిందే వదులైందా, ఇంకెవరిదైనా తప్పా అని దారిలో ఆలోచిస్తూ కూర్చోను. లోపల మనిషి ఉన్నాడు కదా. ముందు వెళ్ళి తలుపు తియ్యాలి. తిట్లు తర్వాత తినొచ్చు."

సోమవారం కోర్టు మొదలవక ముందే పెద్దమ్మ జడ్జిగారి గదిలోకి వెళ్ళింది. జడ్జిగారు నలభై దాటని ఆవిడ, మాటలు పొదుపు. పెద్దమ్మ నిలబడే చెప్పింది. కాగితం చూపించబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇది మీరు నాకిక్కడ చెప్పకూడదు. ఇద్దరు లాయర్ల ముందు, హాల్లో చెప్పాలి."

"అలాగేనండీ."

ఆమె తలుపు దాకా వెళ్ళాక జడ్జిగారు అడిగారు. "నేనే అలా చెప్పి ఉంటానంటారా?"

"నాకు తెలియదండీ," అంది పెద్దమ్మ. "మీరు చెప్పి ఉండొచ్చు, నేను కొట్టి ఉండొచ్చు. పక్కపక్కన ఉన్నవాళ్ళం."



గురువారం పెద్దమ్మను బోనెక్కించారు. ఆ రోజు నాకు క్లాసులు లేవు. వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను. ఆమె కుర్చీలో పక్క హాలు నుంచి తెచ్చిన టైపిస్టు కూర్చున్నాడు. రెండు వేళ్ళతో కొట్టే రకం. పెద్దమ్మ ప్రమాణం చేసి, అతను అందుకోగలిగినంత నెమ్మదిగా మాట్లాడింది. ఒక్కో వాక్యం తర్వాత ఆగి అతని చేతుల వంక చూసేది. చెప్పాల్సినదంతా అయిదు నిమిషాల్లో చెప్పేసింది.

ప్రాసిక్యూటరు లేచాడు. కోపం ఉన్నట్టు లేదు, నవ్వుమొహంతోనే ఉన్నాడు.

"మీరు కోర్టు నవలలు బాగా చదువుతారటగా?"

బెంచి గుమాస్తా తల వంచుకున్నాడు. ఆ కబురు ఎవరి నోటినుంచి వెళ్ళిందో నాకు అర్థమైంది.

"చదువుతానండీ."

"ఎన్ని చదివి ఉంటారు?"

"లెక్కపెట్టలేదండీ. మా బీరువాలో రెండు అరలున్నాయి."

హాల్లో నవ్వారు. ప్రాసిక్యూటరు ఆ నవ్వు తగ్గేదాకా ఆగాడు.

"వాటిలో ఇలాగే ఒక మాట పట్టుకుంటే కేసు తిరగబడుతుంది కదూ?"

"బాగా రాసినవాటిలో అవుతుందండీ."

"అలాంటిది మీకూ ఒకటి దొరికితే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా?"

ఆమె వేళ్ళు బోను చెక్క మీద కదలడం వెనకనుంచి నాకు కనిపిస్తోంది. లేదని చెప్పేయమని నేను మనసులో బతిమాలుకుంటున్నాను.

"అనిపించిందండీ," అంది.

ప్రాసిక్యూటరు కూర్చోబోయాడు, పని అయిపోయిందన్నట్టు.

"అందుకే వారం రోజులు ఆగాను," అంది పెద్దమ్మ. "నా కోరికే నన్ను ఆడిస్తోందేమో అని. ఆ మాట తీసేసి, కేసేమిటో చెప్పకుండా, మా ఇంట్లో ఇద్దరి చేత ఖాళీ నింపించాను. ఇద్దరూ 'వినిపించింది' అనే రాశారు."

"మీ ఇంట్లోవాళ్ళు ఈ కేసులో సాక్షులు కారమ్మా."

"కారండీ. అందుకే సాక్షినే పిలిచి అడగమంటున్నాను. ఆవిడ 'కనిపించింది' అని చెబితే నాకు ఏ శిక్ష వేసినా సరే."

"శిక్ష సంగతి తర్వాత," అన్నారు జడ్జిగారు. టైపిస్టు వైపు తిరిగి, "ఆ చివరి మాట రాయక్కర్లేదు," అన్నారు. తర్వాత ఫైలు తీసి నాలుగో పేజీ తనే చదువుకున్నారు. రెండుసార్లు చదివారు. డిఫెన్సు లాయరు అప్పటికి లేచి నిలబడి, తన దగ్గరున్న నకలులో అదే పేజీ వెతుక్కుంటున్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. సాక్షిని మళ్ళీ పిలవమని అడగాల్సింది తనేనని అప్పుడు తట్టి అడిగాడు.

ఊడ్చే ఆవిడ గిడ్డంగి పని మానేసి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆమెను వెతికి పిలిపించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పెద్దమ్మ ఎలా గడిపిందో చెప్పడం కష్టం. కోర్టులో ఆమెతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. కొందరు లాయర్లు ఆమె టైపు చేసిన పాత ఫైళ్ళు తీసి చూడటం మొదలుపెట్టారు. ఎక్కడైనా తప్పు దొరికితే తమ కేసూ తిరగబడుతుందని ఆశ. ఇంటికొచ్చాక ఆమె రోజంతా టైపు చేసినదాన్ని మనసులో అప్పజెప్పుకునేది. వంటింట్లో గిన్నెలు తోముతూ, "ముద్దాయి ఎడమ చేత్తోనా, కుడి చేత్తోనా" అని తనలో తనే గొణుక్కోవడం నేను విన్నాను. నవల ఒక్కటీ తెరవలేదు. కొట్టువాడు పక్కన పెట్టిన రెండు పుస్తకాలు తీసుకోనేలేదు.

ఊడ్చే ఆవిడ కోర్టుకు వచ్చిన రోజు నేను వెళ్ళలేదు, పరీక్ష ఉంది. జరిగింది పెద్దమ్మ చెబితే తెలిసింది.

జడ్జిగారే సూటిగా అడిగారట. "మెట్ల మీద పెనుగులాట మీకు కనిపించిందా, వినిపించిందా?"

"వినిపించిందండీ. అప్పుడూ అదే చెప్పాను. మధ్యలో పెట్టెలుంటే నాకెట్లా కనిపిస్తుంది?"

"సంతకం పెట్టేముందు చదివి వినిపించారు కదా. అప్పుడు చెప్పలేదేం?"

"గబగబా చదివారండీ. నాకు బస్సు టైమైంది. సరిగ్గానే రాసి ఉంటారనుకున్నాను."

"మరి రెండోవాడు డ్రైవరేనని ఎలా తెలిసింది? గొంతు పోల్చుకున్నారా?"

"వాచ్‌మన్ గొంతు గుర్తుపట్టాను. రెండోది సరిగ్గా వినలేదండీ. పొద్దున వాళ్ళిద్దరికీ గొడవైంది కదా, అతనే అనుకున్నాను."

రెండో మనిషి గొంతు ఎవరిదో తెలియదు. అసలు రెండో మనిషి ఉన్నాడా, వాచ్‌మన్ ఒక్కడే ఫోన్లో ఎవరితోనో అరుస్తున్నాడా అంటే, అదీ ఆవిడ గట్టిగా చెప్పలేకపోయింది. ఇనప మెట్ల మీద కాళ్ళ చప్పుడు పెద్దగా వచ్చిందని మాత్రం చెప్పింది. బోను దిగి వెళ్తూ పెద్దమ్మ దగ్గర ఆగి, "నా వల్ల మీకేమైనా ఇబ్బందయిందా?" అని అడిగిందట.

నెల తర్వాత తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదని డ్రైవరును వదిలేశారు. అతను బయటికి వచ్చి, తన లాయరు చేతులు పట్టుకుని ఏడ్చి, భార్యతో కలిసి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ ఎవరో అతనికి తెలుసో లేదో. ఆమె వైపు చూడలేదు.

చూసింది వాచ్‌మన్ భార్య. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆవిడ, పెద్దమ్మ హాల్లోంచి బయటికి రాగానే లేచి ఎదురొచ్చింది.

"ఆ అక్షరం సంగతి చెప్పింది మీరేనా?"

"నేనేనమ్మా."

"అయితే మా ఆయన్ని ఎవరు తోశారు?"

"నాకు తెలియదమ్మా."

"మీకు తెలియదు. ఆ జడ్జిగారికీ తెలియదు. తోసినవాడే ఇప్పుడు నవ్వుకుంటూ వెళ్ళాడేమో, అదీ తెలియదు కదా?"

"తెలియదు," అంది పెద్దమ్మ.

ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులతోనే లోపలికి వచ్చేసి, గదిలో అటూ ఇటూ తిరిగింది. పెదనాన్న చెప్పుల సంగతి ఎత్తబోయి ఆగిపోయాడు.

"నవలైతే ఇంకో ముప్ఫై పేజీలుండేవి," అంది. "అసలు వాడెవడో దొరికేవాడు. గిడ్డంగి యజమానో, ఇంకెవడో. ఆవిడ మొహాన ఒక జవాబు పెట్టేవాళ్ళు. నేను తలుపు తీశాను సరే. లోపల ఉన్నది ఎలాంటివాడో నాకేం తెలుసు?"

"తలుపు తీసేవాడికి తెలియాల్సిన పని లేదు," అన్నాడు పెదనాన్న.

"నీకు లేదు," అంది పెద్దమ్మ. ఆ పూట వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకోలేదు.

తర్వాతి వారం ఆమెకు మెమో వచ్చింది. వాంగ్మూలం టైపు చెయ్యడంలో అజాగ్రత్త చూపినందుకు సంజాయిషీ ఇవ్వమని. తప్పు తనదో కాదో తనకు తెలియదని ఉన్నదున్నట్టు రాసిచ్చింది. "కనీసం నీ తప్పు కాదని రాయకూడదా?" అని ఆఖరిపేజీ మొత్తుకున్నాడు. నవలల కబురు తన నోటి నుంచే పోయిందని ఆయనకు మనసులో నలుగుతోంది. హాల్లోంచి తీసేసి ఆమెను నకళ్ళ విభాగానికి వేశారు. తీర్పుల నకళ్ళు అడిగినవాళ్ళకు తీసిచ్చే చోటు అది. కిటికీ లేని గది, అడ్డంగా ఒక బల్ల, బల్లకు అటు క్యూ. అయితే జడ్జిగారు ఒక మార్పు చేశారు. అప్పటి నుంచి ఆ కోర్టులో సాక్షి పక్కన ఇంకో తెర పెట్టి, టైపు అవుతున్నదాన్ని అక్కడికక్కడే చూపిస్తున్నారు. చదువురానివాళ్ళకు వాక్యం వాక్యం ఆపి వినిపిస్తున్నారు. అది పెద్దమ్మ వల్లేనని ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు.

నవలలు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టిందో నేను గమనించలేదు. నా కోర్సు అయిపోయే రోజుల్లో ఒక మధ్యాహ్నం చూస్తే చేతిలో పుస్తకం ఉంది. పెన్సిలు కూడా ఉంది. ఇప్పుడు తప్పులు పట్టడానికి కాదట. ఎవరికీ జవాబు దొరకని చోట్లు గీస్తున్నానంది. "ఇంత తెలివిగా రాసినవాడు కూడా, చనిపోయినవాడి ఇంట్లోవాళ్ళను మొదటి యాభై పేజీల్లో ఏడిపించి వదిలేస్తాడు. తర్వాత వాళ్ళ ఊసే ఉండదు. ఇన్నాళ్ళూ నేనూ వాళ్ళ కోసం చూళ్ళేదు," అంది. అయినా చదవడం మానలేదు. అయిపోగొట్టి ఇంకోటి తెచ్చుకుంది.

నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్ళిపోయే ముందు వారం, వాచ్‌మన్ భార్య నకళ్ళ విభాగానికి వచ్చింది. క్యూలో నిలబడి, తన వంతు వచ్చాక తీర్పు నకలు అడిగింది. పెద్దమ్మను గుర్తుపట్టింది. పట్టనట్టు చీటీ ఇచ్చింది. పెద్దమ్మ ముప్ఫై ఒక్క పేజీలు తీసి, కుట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

ఆవిడ కాగితాలు తిరగేసింది. "నాకింత చదవడం రాదు," అంది. "ఇందులో మా ఆయన గురించి ఏం రాశారు?"

చదివి చెప్పడం పెద్దమ్మ పని కాదు. వెనకాల ఇంకా నలుగురున్నారు. పక్క బల్ల అతన్ని తన వరస కూడా చూడమని చెప్పి, ఆవిణ్ణి లోపలికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. గబగబా చదవలేదు. అర్థం కాని చోట ఆపి విడమరిచి చెప్పింది. పందొమ్మిదో పేజీలో 'మృతుడు తనంతట తాను కాలుజారి పడి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము' అని వచ్చింది.

"ఆ ముక్క మళ్ళీ చదవండి," అంది ఆవిడ.

పెద్దమ్మ మళ్ళీ చదివింది.

"ఆ మెట్లు పదకొండేళ్ళు ఎక్కి దిగాడు," అంది ఆవిడ. "చీకట్లో కూడా దిగేవాడు." కాగితం వైపు చేత్తో చూపించి, "సరే, ముందుకు చదవండి," అంది.

అంతా అయ్యేసరికి గంటన్నర పట్టింది. ఆవిడ కాగితాలు సంచిలో పెట్టుకుని, పై కోర్టుకు వెళ్ళాలంటే ఎవర్ని కలవాలని అడిగింది. పెద్దమ్మ ఒక కాగితం మీద గది నంబరు, గడువు తేదీ రాసిచ్చింది. గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. రాసినదాన్ని ఆవిడకు చదివి వినిపించి, ఆవిడ తల ఊపాకే చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇదంతా మాకు చెప్పింది. "వెళ్ళమని నువ్వే దారి చూపించావా?" అని పెదనాన్న ఆశ్చర్యపోతే, "అడిగింది, చెప్పాను," అంది పెద్దమ్మ. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ లేచింది. ఆ తొమ్మిది రోజుల్లో ఆవిడ పై కోర్టుకు వెళ్ళిందో లేదో మాకు తెలియలేదు. తెలుసుకోవాలని మధ్యాహ్నం భోజనం మానేసి ఆ గది చుట్టూ పెద్దమ్మ రెండుసార్లు తిరిగిందని మాత్రం ఆఖరిపేజీ గారు నాతో ఫోన్లో చెప్పారు.